భుజం మీద గొంగడి

వార్షికోత్సవంలో జానపద గీతం అనగానే మేము ముందు వెతికేది గొంగడి. భుజాన గొంగడి, కాళ్ళకు గజ్జెలు, చేతిలో కర్ర ఉంటే వేషం కుదిరినట్లే. ఈ వేషాన్ని ఊరూరా వేదిక ఎక్కించినవారిలో ముఖ్యులు 2023లో కన్నుమూసిన ప్రజాగాయకుడు గద్దర్. కానీ గొంగడి వేషం కోసం పుట్టలేదు. సూపర్‌మ్యాన్ భుజాల మీది కేప్ చూడటానికే. మన గొంగడి పనికోసం.

దక్కనీ గొర్రెల ఉన్నిని ఆడవారు వడుకుతారు. ఆ నూలుకు చింతగింజల గంజి పట్టించి కురుమలు గుంటమగ్గం మీద నేస్తారు. రంగు అద్దరు, గొర్రె నలుపే గొంగడి నలుపు. మడిచి తలమీదుగా కప్పుకుంటే వానలోనూ మంద తోలుకోవచ్చు. ఉన్ని తన బరువులో దాదాపు 30 శాతం తేమ పీల్చుకున్నా ఒంటికి తడి తెలియదు. రాత్రికి అదే పరుపు, అదే దుప్పటి.

మరి గొంగళ్ళు ఎందుకు తగ్గాయి? మాంసానికి గిరాకీ పెరిగి మందల్లోకి నెల్లూరు జాతి గొర్రెలు వచ్చాయి. వాటికి ఉన్ని ఉండదు. ఉన్ని లేకపోతే వడికే చేతికీ, మగ్గానికీ పని లేదు. దానికితోడు చవక మిల్లు దుప్పట్లు వచ్చాయి.

వేదిక మీద గొంగడికి చప్పట్లు కొట్టేవారే, దాన్ని కప్పుకొని బస్సెక్కిన తాతను చూసి నవ్వుతారు. ఆ తాత మాలో కొందరికి సొంత తాతే. అందుకే తమ్ముళ్ళూ, వేషానికి గొంగడి అడిగి తెచ్చేటప్పుడు ఎవరు వడికారో, ఎవరు నేశారో కూడా అడగండి. పాటకు ముందు ఆ పేర్లు మైకులో చెబుదాం.