అన్నం పెట్టలేదనే అత్తగారు

మధ్యాహ్నం పన్నెండున్నరకు పప్పు, పచ్చడి, పెరుగుతో తృప్తిగా భోంచేసిన పెద్దావిడ రెండు గంటలకల్లా పక్కింటామెతో "పొద్దుట్నుంచి నా నోట్లో మెతుకు పడలేదమ్మా" అని కళ్లనీళ్లు పెట్టుకుంటుంది. విన్న కోడలికి తల తీసేసినట్టవుతుంది. ఊరినుంచి వచ్చిన ఆడపడుచు వదినను నిలదీస్తుంది. జ్ఞాపకశక్తీ ఆలోచనా దెబ్బతినే డిమెన్షియా ఉన్న ఇళ్లలో ఇలాంటి గొడవలు మామూలే. పెద్దావిడ అబద్ధమాడటం లేదు. ఆమె లెక్కలో ఆ భోజనం జరగనే లేదు.

మెదడులో రెండు పక్కలా హిప్పోక్యాంపస్ అనే చిన్న భాగం ఉంటుంది. కొట్టులో బేరాన్ని ముందు చిట్టాలో రాసి, తర్వాత ఆవర్జాకు ఎక్కించినట్టు, కొత్త అనుభవాలు మొదట దీని ద్వారానే నమోదై, క్రమంగా మెదడు పైపొరల్లో స్థిరపడతాయి. డిమెన్షియాకు దారితీసే అల్జీమర్స్ జబ్బు సాధారణంగా తొలిదెబ్బ తీసేది ఈ ప్రాంతాన్నే. అందుకే తన పెళ్లిలో ఎవరెవరు ఏం చదివించారో వరసగా చెప్పగలిగిన మనిషికి ఇందాకటి భోజనం గుర్తుండదు. "పాతవన్నీ గుర్తున్నాయి, ఇదొక్కటే మర్చిపోయిందా? అంతా నటన!" అని ఇంట్లోవాళ్లు అనుకునేది ఇక్కడే. నా దృష్టిలో ఈ జబ్బు చుట్టూ జరిగే అతి పెద్ద అన్యాయం ఇదే.

అనుమానం కూడా జబ్బులో భాగమే. 1901లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ మానసిక వైద్యశాలకు ఆగస్టె డేటర్ అనే 51 ఏళ్ల మహిళను తీసుకొచ్చారు. భర్త మీద విపరీతమైన అనుమానం, మతిమరుపు. పేరు రాయమంటే పూర్తిగా రాయలేకపోయేది. 1906లో ఆమె చనిపోయాక డాక్టర్ అలోయిస్ అల్జీమర్ ఆమె మెదడును మైక్రోస్కోపు కింద పరీక్షించి, కణాల బయట పేరుకున్న మచ్చల్నీ లోపల చిక్కుపడిన పోగుల్నీ గుర్తించాడు. మొదటివి అమిలాయిడ్, రెండోవి టావ్ అనే ప్రోటీన్లని తర్వాత తేలింది. లక్షణాలు బయటపడటానికి పదిహేను, ఇరవై ఏళ్ల ముందే అమిలాయిడ్ పేరుకోవడం మొదలవుతుంది.

డిమెన్షియాకు ప్రధాన కారణం అల్జీమర్సే. మెదడు రక్తనాళాలు దెబ్బతినడం మరో ముఖ్య కారణం. మన దేశంలో అరవై దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా వేసింది.

కళ్లజోడు ఎక్కడ పెట్టామో మర్చిపోవడం అందరికీ ఉండేదే. నలభై ఏళ్లుగా పులిహోర కలిపిన చేతులు పోపు ముందా, పులుసు ముందా అని తడబడితే, తెలిసిన వీధిలోనే దారి తప్పితే, కొట్లో చిల్లర లెక్క పదేపదే తప్పుతుంటే వయసు మీద తోసేయకూడదు. బి12 లోపం, థైరాయిడ్ సమస్య, కుంగుబాటు, కిందపడినప్పుడు తలలో గడ్డకట్టిన రక్తం కూడా ఇలాంటి లక్షణాలే చూపిస్తాయి. వీటికి వైద్యం ఉంది. అల్జీమర్స్ అని తేలితే డోనెపెజిల్ లాంటి మందులు కొంతకాలం లక్షణాలను తగ్గిస్తాయి, జబ్బును ఆపలేవు.

హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ఫలితాలు ప్రకటించింది. ఒకటికి మించి భాషలు మాట్లాడేవారిలో జబ్బు లక్షణాలు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలయ్యాయి. చదువురానివారిలోనూ ఈ తేడా కనిపించింది. బడి మెట్లెక్కకపోయినా తెలుగూ ఉర్దూ కలిపి మాట్లాడుతూ బతికిన మనిషి మెదడుకు ఆ మాటలే కొంత రక్షణనిచ్చి ఉండవచ్చన్నమాట!

ఇక ఇంట్లో ఏం చేయాలి? "ఇందాకే తిన్నావుగా!" అని సాక్ష్యాలతో వాదించవద్దు. జరిగింది మర్చిపోయినా, దానివల్ల కలిగిన బాధ అల్జీమర్స్ రోగుల్లో మిగిలిపోతుందని అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2014లో చూపించారు. ఒక అరటిపండో గ్లాసు మజ్జిగో ఇచ్చి మాట మారిస్తే సరిపోతుంది. చేతి అలవాట్లను నడిపే మెదడు భాగాలు వేరు కాబట్టి పూలు కట్టడం, చిక్కుళ్లు ఒలవడం చాలాకాలం నిలుస్తాయి. ఆ పనులు వాళ్లకే వదలండి. గ్యాస్ సిలిండర్ వాల్వు మాత్రం వాడనప్పుడల్లా కట్టేయండి. జేబులో పేరు, ఫోన్ నంబరు ఉన్న చీటీ పెట్టండి.

చివరిగా కొడుకులకూ కూతుళ్లకూ ఒక మాట. చాకిరీ అంతా ఒక్క కోడలి మీదో, ముసలి భార్య మీదో పడనివ్వకండి. వారంలో ఒక పూటైనా మీరు దగ్గర కూర్చుని వాళ్లను బయటికి పంపండి. ఎవరిని సంప్రదించాలో తెలియకపోతే వృద్ధుల కోసం ప్రభుత్వం నడిపే ఎల్డర్‌లైన్ 14567కు ఫోన్ చేయండి. ఆ కాల్ ఉచితం.