సున్నం కింద దేవదూతలు

ఎండలోంచి సెయింట్ సోఫియా చర్చి లోపలికి అడుగుపెడితే మొదట ఏమీ కనబడదు. కాసేపు ఆగాలి. కళ్ళు చీకటికి అలవాటుపడ్డాక ఆల్టర్ వైపు నీలిరంగు నెమ్మదిగా తేలుతుంది. తర్వాత నడుం వంచి వరుసకట్టిన దేవదూతలు, వాళ్ళ రెక్కల ఈనెలు, మడతలు పడ్డ అంగీలు ఒక్కొక్కటే బయటపడతాయి. 11వ శతాబ్దంలో లియో అనే ఆర్చిబిషప్ హయాంలో వేయించిన బొమ్మలివి. ఆటోమన్ తురుష్కుల ఏలుబడిలో ఈ చర్చి మసీదైంది. గోడలకు సున్నం కొట్టారు. ఆ సున్నమే శతాబ్దాల తరబడి బొమ్మలకు దుప్పటి అయింది. 1950లలో నిపుణులు దాన్ని పొరలు పొరలుగా ఒలిచి, అడుగున ఉన్నవాళ్ళను మళ్ళీ వెలుతురులోకి తెచ్చారు.

ఉత్తర మెసిడోనియాలోని ఓహ్రిడ్‌లో ఏది చూడబోయినా ఇలాగే ఉంటుంది. పైపొర ఒకటి, దాని కింద మరొకటి. గుట్ట వాలులో ఇళ్ళ మధ్య కనిపించే రాతి మెట్ల నాటకశాల దాదాపు 2,200 ఏళ్ళ నాటిది. మట్టి కింద కూరుకుపోయి, ఇరవయ్యో శతాబ్దంలో తవ్వకాల్లో బయటపడింది. ఊరి పాతపేరు లిఖ్నిడోస్. ఆడ్రియాటిక్ తీరం నుంచి ఇస్తాంబుల్ వైపు సాగిన రోమన్ల రహదారి వయా ఎగ్నేషియా దీని మీదుగానే వెళ్ళేది.

పాతపట్నంలో తిరగాలంటే మాత్రం మోకాళ్ళు గట్టిగా ఉండాలి. రాళ్ళు పరిచిన సందులన్నీ ఎక్కుడే. గుట్ట మీద చోటు చాలక ఇళ్ళ పై అంతస్తులను సందులోకి జరిపి కట్టుకున్నారు. ఎదురెదురు కిటికీల్లోంచి ఉప్పూ పప్పూ అందించుకునేంత దగ్గర. ఏడాదికి ఎన్ని రోజులో ఇక్కడ ఒకప్పుడు అన్ని చర్చిలుండేవని ఊరివాళ్ళ మాట. లెక్క ఎవరు చూశారో గానీ, రెండు మలుపులు తిరిగితే ఒక చర్చి ఎదురవడం మాత్రం నిజం. వాటిలో పెరిబ్లెప్టోస్ మరియమాత చర్చిని తొందరలో చూసి వెళ్ళిపోతే పాపమే. 1295లో మిఖాయిల్, యుటికియోస్ అనే ఇద్దరు చిత్రకారులు దీని గోడలకు రంగులు వేశారు. చనిపోయిన మరియమాత చుట్టూ చేరినవాళ్ళ ముఖాల్లో దుఃఖం చూస్తే మనింట్లో జరిగిన చావు గుర్తొస్తుంది. ఆ కాలపు చిత్రకారులు పేరు చెప్పుకోవడం అరుదు. వీళ్ళు మాత్రం యోధులైన సాధువుల కత్తి మీదా, దుస్తుల మీదా తమ పేర్లు చిన్నగా రాసుకున్నారు. కొవ్వొత్తుల మసి పట్టి నల్లబడిన ఆ గోడలను ఈమధ్య కాలంలోనే శుభ్రం చేశారు.

ఈ ఊరి పేరు చెబితే స్లావ్ భాషల వాళ్ళకు ముందుగా గుర్తొచ్చేది బడి. స్లావ్ భాషలకు తొలిసారి లిపి కూర్చిన సిరిల్, మెథోడియస్ సోదరుల శిష్యుడు క్లెమెంట్ 9వ శతాబ్దం చివర్లో ఇక్కడికి వచ్చాడు. ఆయన దగ్గర 3,500 మంది చదువుకున్నారని ఆయన జీవితకథ చెబుతుంది. గ్రీకు, లాటిన్ రానివాడికి దేవుడి మాట చేరని రోజుల్లో, ఇంట్లో మాట్లాడే మాటలోనే పల్లెటూరి పిల్లల చేత ఓనమాలు దిద్దించిన మనిషి. 916లో పోయాడు. ఆయన బడి నడిపిన ప్లాఓష్నిక్ గుట్ట మీద 2002లో తిరిగి కట్టిన చర్చిలో ఆయన అస్థికలున్నాయి. అక్కడినుంచి పైన్ చెట్ల మధ్య దిగుతూ వెళ్తే, కొండకొమ్మున ఓహ్రిడ్ సరస్సు నీళ్ళ మీదికి వంగినట్టుండే కనేయో సెయింట్ జాన్ చర్చి వస్తుంది. పోస్టుకార్డుల్లో కనిపించేది అదే. సాయంత్రం వెళ్ళండి.

హైదరాబాద్ ముత్యాలు ఎరిగినవాళ్ళకు బజారు వీధిలో ఓ వింత. ఓహ్రిడ్ ముత్యం ఆల్చిప్ప కడుపులో పుట్టదు. నత్తగుల్లను అరగదీసి పూస చేస్తారు. సరస్సులో దొరికే ప్లాషిట్సా అనే చిన్న చేప పొలుసుల నుంచి తీసిన మెరుగును దానికి పూత పూస్తారు. ముంచడం, ఆరబెట్టడం, మళ్ళీ ముంచడం. పూతలన్నీ అయ్యాక రుద్ది మెరుగు తెస్తారు. మెరుగు తయారీ రహస్యం రెండు కుటుంబాల్లో తరతరాలుగా దాగి ఉంది.

ఆ చేపను ఇచ్చే సరస్సు వయసు పదమూడు లక్షల ఏళ్ళకు పైమాటే. ఐరోపాలో ఇంత పాత సరస్సు మరొకటి లేదంటారు. లోతు 288 మీటర్లు. ప్రపంచంలో ఇంకెక్కడా లేని జీవులు 200కు పైగా ఇందులో ఉన్నాయి. అందుకే యునెస్కో 1979లో సరస్సును, మరుసటి ఏడు ఊరిని వారసత్వ జాబితాలో చేర్చింది. ఇప్పుడు ఒడ్డున లేస్తున్న కట్టడాలు చూసి, దీన్ని ప్రమాదంలో ఉన్నవాటి జాబితాలోకి మార్చాలన్న మాట కూడా అక్కడే వినబడుతోంది. వినడానికి కష్టంగా ఉంది. సరస్సు నీళ్ళు నల్ల డ్రిన్ నదిగా బయటకు పారేది స్ట్రుగా ఊళ్ళో. అక్కడ ఏటా జరిగే కవితోత్సవంలో 1983లో స్వర్ణ పుష్పమాల అందుకున్నది మన హిందీ కవి అజ్ఞేయ. కవులు పద్యాలు చదివే ఆ నది వెంటే ఒకప్పుడు ఈల్ చేపలు గుడ్లు పెట్టడానికి అట్లాంటిక్‌లోని సర్గాసో సముద్రం దాకా పోయేవి. కింద ఆనకట్టలు కట్టాక ఆ దారి మూసుకుపోయింది.

దక్షిణపు ఒడ్డున, అల్బేనియా సరిహద్దుకు ఆనుకుని సెయింట్ నౌమ్ మఠం ఉంది. క్లెమెంట్ సహచరుడు నౌమ్ 10వ శతాబ్దం తొలి ఏళ్ళలో స్థాపించింది. సమాధి రాతికి చెవి ఆనిస్తే ఆయన గుండె చప్పుడు వినిపిస్తుందని జనం నమ్మకం. నేనూ ఆనించాను. నాకైతే నా రక్తం హోరే వినబడింది. ఆ చల్లదనం మాత్రం చెంపకు చాలాసేపు ఉండిపోయింది.

మఠం పక్కనే ఊటలు. తెడ్ల పడవలో తిప్పుతారు. గలిచిత్సా కొండకు అవతల ప్రెస్పా అనే మరో సరస్సు, దీనికన్నా 150 మీటర్ల ఎత్తులో ఉంది. అందులో నీళ్ళు సున్నపురాయి పగుళ్ళలోకి ఇంకి, కొండ అడుగు నుంచి ఇలా వచ్చి ఇక్కడ తేలతాయి. చెట్టు నీడలోకి రాగానే పడవాయన తెడ్డు ఎత్తి, మాట్లాడకుండా నీళ్ళలోకి చూపించాడు. అడుగున తెల్లటి ఇసుక పాలపొంగులా పైకి లేచి, విచ్చుకుని, మళ్ళీ కూర్చుంటోంది. ఆ పక్కనే మరోచోట లేచింది. ఇంకోచోట. నీళ్ళు ఎంత తేటగా ఉన్నాయంటే మధ్యలో ఏమీ లేనట్టే ఉంది.