పి.ఎస్.ఎ. మామూలుగా ఉన్నా ముక్క పరీక్ష ఎందుకు?

వయసు పైబడిన మగవారికి మూత్రం సన్నగా, ఆగి ఆగి రావడం, రాత్రిళ్లు పదేపదే లేవవలసి రావడం సాధారణం. చాలామందిలో ఇది ప్రొస్టేట్ గ్రంథి వాపే, క్యాన్సర్ కాదు. మందులతో తగ్గకపోతే మూత్రమార్గం గుండా గొట్టం పంపి, అడ్డుపడిన భాగాన్ని ముక్కలుగా తీస్తారు. "రక్తపరీక్షలో పి.ఎస్.ఎ. బాగానే ఉంది కదా, మళ్లీ ఈ ముక్కల పరీక్షకు ఖర్చెందుకు?" అని కుటుంబసభ్యులు మమ్మల్ని అడుగుతుంటారు. కారణం చెబుతాం.

ప్రొస్టేట్‌లోని చిన్న చిన్న గ్రంథుల గోడలో రెండు వరుసల కణాలుంటాయి. లోపలి వరుస పి.ఎస్.ఎ.ను తయారుచేస్తుంది. దాని కింద పునాదిలా ఉండేవి బేసల్ కణాలు. సాధారణ ప్రొస్టేట్ క్యాన్సర్‌లో పి.ఎస్.ఎ. తరచుగా పెరుగుతుంది. బహు అరుదుగా బేసల్ కణాల రకం క్యాన్సర్ వస్తుంది. అందులో పి.ఎస్.ఎ. చాలాసార్లు మామూలుగానే ఉంటుంది. మూత్రం అడ్డుపడి ఆపరేషన్ చేసినప్పుడు, తీసిన ముక్కల్లోనే అది బయటపడుతుంటుంది.

పాథాలజిస్టుకు కూడా ఇది చిక్కు సమస్యే. బేసల్ కణాలను చూపించే పి63 అనే పరీక్ష ఉంది. సాధారణ క్యాన్సర్‌లో ఆ కణాలు మాయమవుతాయి కనుక రంగు పట్టదు. ఈ రకంలో క్యాన్సర్ కణాలకే రంగు పడుతుంది. హాని లేకుండా పెరిగిన బేసల్ కణాలకూ పడుతుంది. అందుకే రంగు ఒక్కటే చాలదు. కణాలు పక్క కండరంలోకి చొరబడ్డాయా, నరాల చుట్టూ పాకాయా అని సూక్ష్మదర్శినిలో వెతుకుతారు. కణాల గుంపులు కొన్నిట్లో జల్లెడలా, కొన్నిట్లో గట్టి ముద్దలా కనిపిస్తాయి. ముద్దలా ఉన్నవి ఎక్కువ ప్రమాదకరం.

పేరు ఒకటే అయినా ఇది చర్మానికి వచ్చే బేసల్ సెల్ క్యాన్సర్ కాదు. చర్మానిది ఇతర అవయవాలకు పాకడం బహు అరుదు. ఇది ఊపిరితిత్తులకు, కాలేయానికి పాకవచ్చు. సాధారణ రకానికి ఇచ్చే హార్మోన్ చికిత్స దీనికి సాధారణంగా పనిచేయదు. గ్రంథి దాటకముందే తెలిస్తే ఆపరేషన్‌తో గ్రంథిని పూర్తిగా తీసివేయడమే ముఖ్య చికిత్స. తర్వాత పి.ఎస్.ఎ. ఒక్కటే చూసుకుంటే చాలదు, స్కానింగులూ అవసరమే.

కాబట్టి మేము కోరేది ఇదే:

* తీసిన ముక్కలను తప్పక పరీక్షకు పంపించండి.
* కుట్లు, గొట్టాలు లేకుండా ఇంటికి వెళ్లినా రిపోర్టు తీసుకోవడం మరువకండి. దానిని డాక్టరుగారికి చూపించి భద్రపరచండి.
* అరుదైన రకమని వస్తే స్లైడ్లు, మైనపు బ్లాకులు తీసుకుని మరో పాథాలజిస్టు అభిప్రాయం అడగండి.

ఎక్కువమందికి ఆ కాగితం క్యాన్సర్ లేదనే చెబుతుంది. ఉన్న కొద్దిమందికి సరైన చికిత్స అక్కడి నుండే మొదలవుతుంది.