బ్యూటైల్ లిథియం: గాలి సోకకూడని మందుల ముడిసరుకు

షుగర్ వ్యాధికి ఇప్పుడు డాక్టర్లు విరివిగా రాస్తున్న మాత్రల్లో డాపాగ్లిఫ్లోజిన్ ఒకటి. 2020లో పేటెంటు గడువు ముగిశాక మన దేశంలో ఎన్నో కంపెనీలు దాన్ని చవగ్గా తయారుచేస్తున్నాయి. ఆ మందు అణువును కూర్చే దారిలో కీలకమైన మెట్టు ఒకటుంది. ఒక సేంద్రియ అణువులోంచి బ్రోమిన్‌ను తప్పించి, ఆ చోట లిథియంను కూర్చోబెట్టి, దాన్ని గ్లూకోజ్ నుంచి వచ్చిన మరో అణువుకు అతికించాలి. సాధారణంగా ఆ పని చేసిపెట్టేది ఎన్-బ్యూటైల్ లిథియం. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు ఏళ్ల తరబడి ప్రాణం నిలిపిన ఎఫావిరెంజ్ తయారీలోనూ ఇదే అక్కరకొచ్చింది. టైర్లలో వాడే కృత్రిమ రబ్బరు రకాలు కొన్ని కూడా ఇది మొదలుపెట్టే గొలుసుచర్యలోనే పుడతాయి. పారిశ్రామిక స్థాయిలో దీన్ని తయారుచేసే ఊళ్లు ప్రపంచంలో ఎన్నో లేవు. ఉన్న కొద్దిలో మన పటాన్‌చెరు ఒకటి.

లిథియం అనగానే ఇవాళ అందరికీ ఫోను బ్యాటరీ గుర్తొస్తుంది. దాని మంటల గురించి పత్రికలు రాస్తూనే ఉన్నాయి. ఈ లిథియం గురించి మాత్రం ఫ్యాక్టరీ గేటు దాటి మాట బయటికి రాదు. జీడిమెట్ల, పాశమైలారం, పరవాడ లాంటి బల్క్ డ్రగ్ ప్రాంతాల్లో పనిచేసే కెమిస్టులకు, ఆపరేటర్లకు ఈ పేరు కొత్త కాదు. దాన్ని ముట్టుకోవద్దని, నీళ్లు తగలనివ్వొద్దని వాళ్లకు చెబుతారు. ఎందుకో చెప్పేవాళ్లు తక్కువ. కారణం తెలిసిన మనిషి చేతిలో నియమం నిలుస్తుంది. కారణం తెలియని చోట ఆ నియమం హడావిడి షిఫ్టులో మొదట జారిపోతుంది.

చూడడానికి ఇది హెక్సేన్‌లో కరిగి ఉన్న లేత పసుపు ద్రవం. ఎక్కువగా 15 శాతం, 25 శాతం దరిదాపు ద్రావణాలుగా అమ్ముతారు. తయారీ సూత్రం చెప్పడానికి తేలిక. హెక్సేన్‌లో తేలే లిథియం లోహపు రేణువుల మీదికి బ్యూటైల్ క్లోరైడ్‌ను మెల్లగా వదిలితే, సగం లిథియం క్లోరిన్‌ను పట్టుకుని ఉప్పుగా అడుక్కి చేరుతుంది. మిగతా సగం బ్యూటైల్ గుంపుతో జతకడుతుంది. జర్మనీకి చెందిన విల్‌హెల్మ్ ష్లెంక్, ఆయన సహ పరిశోధకురాలు యోహన్నా హోల్ట్స్ 1917లో మొదటి సేంద్రియ లిథియం సమ్మేళనాలను లోకానికి చూపించారు. లిథియం లోహంతో నేరుగా చేసే పద్ధతిని 1930లో కార్ల్ జీగ్లర్ ఇచ్చాడు. గాలి చొరబడకుండా ప్రయోగం చేయడానికి ష్లెంక్ రూపొందించిన గాజు పాత్రలు ఇప్పటికీ ఆయన పేరుతోనే ప్రతి ల్యాబులో కనిపిస్తాయి.

కార్బన్‌కూ లిథియంకూ మధ్య బంధంలో ఎలక్ట్రాన్లు బాగా కార్బన్ వైపు ఒరిగి ఉంటాయి. ఆ కార్బన్‌కు ఒక ప్రోటాన్ కావాలి. ఎక్కడ దొరికితే అక్కడ లాక్కుంటుంది. కాస్టిక్ సోడా కదపలేని హైడ్రోజన్లను సైతం ఊడబెరుకుతుంది. మందుల తయారీదారుకు కావలసింది ఆ ఆబే. నీరు లేని, గాలి లేని పాత్రలో, చాలాసార్లు మైనస్ 78 డిగ్రీల దగ్గర, ఆ ఆబను తాను కోరిన హైడ్రోజన్ మీదికో బ్రోమిన్ మీదికో మళ్లిస్తాడు. పాత్ర దాటి బయటపడిందంటే దానికి ఎదురయ్యేది గాలిలోని నీరు, ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్. మూడింటితోనూ చర్య జరుపుతుంది. మందును తయారుచేసే గుణం, మనిషిని కాల్చే గుణం ఒక్కటే. ఒకటి ఉంచుకుని రెండోది తీసేసే వీలు లేదు.

నీటితో కలిస్తే లిథియం హైడ్రాక్సైడ్, బ్యూటేన్ పుడతాయి, వాటితోపాటు బోలెడంత వేడి. లిథియం హైడ్రాక్సైడ్ ఘాటైన క్షారం, కంట్లో పడితే చూపు పోవచ్చు. బ్యూటేన్ మన వంటగ్యాస్ సిలిండర్లో ఉండే వాయువే. చుట్టూ ఉన్న హెక్సేన్ పెట్రోలు జాతి ద్రావకం. మైనస్ 20 డిగ్రీల చలిలో కూడా అంటుకోగలిగినంత ఆవిరిని వదులుతుంది. ఆ ఆవిరి గాలికంటే సుమారు మూడు రెట్లు బరువు కాబట్టి పైకి లేవకుండా నేలబారున పాకి, దూరంగా ఉన్న మోటారు నిప్పురవ్వను వెతుక్కుంటుంది. అంటే అగ్గిపుల్ల, కిరోసిన్ రెండూ ఒకే డబ్బాలో ఉన్నాయన్నమాట.

గాఢ ద్రావణం గాలి తగిలిన వెంటనే మండుతుంది. పలచటి ద్రావణం తీరు అలా కచ్చితంగా ఉండదు. గాలిలో తేమ ఎంత, ఒలికింది ఎంత, నున్నటి స్టీలు మీదా గుడ్డపేలిక మీదా అన్నదాన్ని బట్టి ఒకసారి తెల్లటి పొగతో ఆగిపోతుంది, ఇంకోసారి భగ్గుమంటుంది. నన్నడిగితే ఈ రసాయనంలో అన్నిటికన్నా మోసకారి సంగతి ఇదే. ఏప్రిల్ మధ్యాహ్నం పొడిగాలిలో నాలుగు చుక్కలు పడి ఏమీ కాకపోతే, చూసినవాడికి ధైర్యం వస్తుంది. అదే చుక్కలు ఆగస్టు రాత్రి షిఫ్టులో, లేదా ఏడాదంతా సముద్రపు తేమ ఉండే పరవాడలో పడితే ఫలితం వేరు. పోయినసారి ఏమీ కాలేదన్న అనుభవాన్ని ఇక్కడ సాక్ష్యంగా తీసుకోకూడదు.

దీని దగ్గరి బంధువు టెర్షియరీ బ్యూటైల్ లిథియం ఇంకా తీవ్రమైంది. 2008 డిసెంబర్ 29న లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ల్యాబులో 23 ఏళ్ల పరిశోధన సహాయకురాలు దాన్ని ప్లాస్టిక్ సిరంజితో సీసాలోంచి లాగుతోంది. పిస్టన్ ఊడి బయటికొచ్చింది. చేతిమీద, ఒంటిమీద పడిన ద్రావణం అంటుకుంది. ఆమె ల్యాబ్ కోటు వేసుకోలేదు. ఒంటిమీద ఉన్నది సింథటిక్ స్వెట్టర్. దాపులోనే ఎమర్జెన్సీ షవర్ ఉన్నా కంగారులో ఎవరూ ఆమెను దాని కిందికి తీసుకెళ్లలేదు. ఒంట్లో 40 శాతానికి పైగా కాలింది. 18 రోజుల తర్వాత, 2009 జనవరి 16న చనిపోయింది. అమెరికాలో ఒక ల్యాబు ప్రమాదంపై ప్రొఫెసర్ మీద, విశ్వవిద్యాలయం మీద క్రిమినల్ అభియోగాలు నమోదవడం అరుదు, ఈ కేసులో అది జరిగింది. 2012లో విశ్వవిద్యాలయం ల్యాబు పరిస్థితులకు తన బాధ్యతను ఒప్పుకుని, ఆమె పేరిట 5 లక్షల డాలర్ల స్కాలర్‌షిప్ ఏర్పాటుచేసింది.

ఆ ఘటనలో లోపించినవి ఖరీదైన పరికరాలేమీ కావు. మంటను తట్టుకునే కోటు, సరైన సిరంజి, పక్కన నిలబడి నేర్పే అనుభవజ్ఞుడు. మన ప్లాంట్లలో యూనిఫారాలు చాలాచోట్ల పాలిస్టర్ కలిసిన బట్టతో కుట్టిస్తారు. మంటలో పాలిస్టర్ కరిగి చర్మానికి అంటుకుపోతుంది. ఈ పని చేసేవాళ్లకు మంటను తట్టుకునే బట్ట, ముఖాన్ని పూర్తిగా కప్పే కవచం, మందపాటి చేతి తొడుగులు ఇవ్వడం ఉపకారం కాదు, పనిలో భాగం.

ల్యాబులో సిరంజి చేసే పనిని ఫ్యాక్టరీలో హోసు చేస్తుంది. సరుకు స్టీలు సిలిండర్లలో, ట్యాంకుల్లో వస్తుంది. పొడి నైట్రోజన్ ఒత్తిడితో, అడుగుదాకా దిగిన గొట్టం గుండా రియాక్టర్‌లోకి నెడతారు. లోపల ఉన్నంతసేపు అది బుద్ధిగానే ఉంటుంది. హోసు బిగించేటప్పుడు, విప్పేటప్పుడే ప్రాణాపాయం. బిగించాక ముందు నైట్రోజన్‌తో లీకు చూడాలి, పొడి హెక్సేన్‌తో గొట్టాన్ని కడగాలి. బదిలీ అయ్యాక మళ్లీ హెక్సేన్‌తో కడిగి ఆ కడుగును రియాక్టర్‌లోకే పంపి, నైట్రోజన్ ఊది, అప్పుడు విప్పాలి. షిఫ్టు అయిపోతోందనో బ్యాచ్ ఆలస్యమైందనో ఆ చివరి కడుగు ఎగ్గొడితే గొట్టంలో మిగిలిన గుక్కెడు ద్రావణం విప్పినవాడి చేతిమీద పడుతుంది. వానాకాలంలో చల్లటి ఫ్లాంజి మీద నీళ్లు పేరుకుంటాయి. తుడవకుండా విప్పితే ఆ చెమ్మ లోపలికే దిగుతుంది.

రియాక్టర్ చుట్టూ ఉండే జాకెట్‌లో ఏం తిరుగుతోందన్నది ఇంకో పెద్ద ప్రశ్న. మామూలుగా నీళ్లో బ్రైనో తిరుగుతుంది. బ్యూటైల్ లిథియం వాడే పాత్రకు చిన్న పగులు వచ్చినా ఆ నీరు నేరుగా లోపలికి చేరుతుంది. అందుకే నీరులేని థర్మల్ ద్రవాలనే ఎంచుకోవాలి. చల్లదనంతోనూ జాగ్రత్త అవసరం. మరీ చల్లబరిచినా, కలిపే రెక్కలు ఆగిపోయినా, పోసిన రసాయనం చర్యలో పాల్గొనకుండా పోగుపడుతుంది. ఆ తర్వాత ఒక్కసారిగా అంటుకున్న చర్యను ఏ కూలింగూ అందుకోలేదు.

టెట్రాహైడ్రోఫ్యూరాన్ అనే ద్రావకం కలిస్తే మరో చిక్కు. బ్యూటైల్ లిథియం ఆ ద్రావకాన్ని కూడా తినేస్తుంది. సున్నా డిగ్రీల దగ్గర సగం ఖర్చవడానికి సుమారు 17 గంటలు పడితే, 20 డిగ్రీల దగ్గర రెండు గంటలలోపే సగం అయిపోతుంది. 35 డిగ్రీలకు, అంటే మన మామూలు పగటి వేడికి, పది నిమిషాలు చాలు. ఆ క్రమంలో ఎథిలీన్ వాయువు పుడుతుంది, మూసిన పాత్రలో ఒత్తిడి పెరుగుతుంది. బ్యాచ్ మధ్యలో కరెంటు పోయి చిల్లర్ ఆగితే ఏం చేయాలో ముందే రాసిపెట్టుకోవాల్సింది ఇందుకే.

మంట లేస్తే నీళ్లు వద్దు. కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ కూడా వద్దు, దానితోనూ చర్య జరుగుతుంది. పొడి రసాయన పౌడర్ వాడాలి, లేదా పొడి ఇసుక. గోడకు తగిలించిన ఎర్ర బకెట్ల ఇసుక వానకు తడిసి ఉందేమో ఎవరైనా చూస్తున్నారా? తడి ఇసుక పోస్తే నీళ్లు పోసినట్టే. ఆరినట్టు కనిపించిన మంట మళ్లీ రాజుకోవచ్చు కాబట్టి కాపలా ఉండాలి. అయితే మనిషి ఒంటిమీద పడినప్పుడు సూత్రం తిరగబడుతుంది. అప్పుడు ఆలోచించకుండా షవర్ కిందికి తోయాలి. ధారగా పడే నీరు మంటనూ వేడినీ క్షారాన్నీ ఒకేసారి కడిగేస్తుంది. ఈ తేడా ప్రతి ఆపరేటర్‌కూ అతని భాషలో చెప్పాలి. ఆ లైన్ల మీద పనిచేసే కుర్రాళ్లలో ఒడియా, హిందీ మాట్లాడేవాళ్లు చాలామంది. డ్రమ్ము మీది ఇంగ్లిష్ లేబుల్ వాళ్లతో మాట్లాడదు.

మంటలేని ముప్పులూ ఉన్నాయి. గాలిని తరిమే నైట్రోజన్‌కు రంగూ వాసనా లేవు. మ్యాన్‌హోల్‌లోకి తల పెట్టినవాడు రెండు మూడు ఊపిరులకే స్పృహ తప్పుతాడు, కాపాడబోయిన రెండోవాడూ పడిపోతాడు. హెక్సేన్ ఆవిరిని నెలల తరబడి పీల్చితే కాళ్లూ చేతుల నరాలు దెబ్బతిని తిమ్మిర్లు, బలహీనత వస్తాయి. అదే ద్రావణం హెప్టేన్‌లో కూడా దొరుకుతుంది. ధర ఎక్కువైనా మారడం మంచిదని నా అభిప్రాయం.

ఇక మిగిలేది ఖాళీ సిలిండర్. నిజానికి అది ఖాళీ కాదు. నిల్వలో బ్యూటైల్ లిథియం మెల్లగా విచ్ఛిన్నమై లిథియం హైడ్రైడ్ అనే సన్నటి మడ్డిని అడుక్కి చేరుస్తుంది. ఎండలో ఉంచితే ఇంకా వేగంగా. ఆ మడ్డి కలిసిన అడుగు ద్రావణం మామూలు ద్రావణం కంటే తేలిగ్గా అంటుకుంటుంది. వాల్వు మూసి, మూతలు బిగించి, లోపల నైట్రోజన్ ఒత్తిడి అలాగే ఉంచి, అమ్మినవాళ్లకే తిప్పి పంపాలి. ప్లాంటులో మిగిలిన కొద్దిపాటి ద్రావణాన్ని హెక్సేన్‌తో బాగా పలచన చేసి, నైట్రోజన్ కింద, చల్లబరుస్తూ, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను సన్నని ధారగా కలిపి చంపాలి. నీళ్లు చిట్టచివర, చుక్కచుక్కగా. పాత సామాన్ల వ్యాపారికి ఇచ్చే తుక్కులో ఇలాంటి వాల్వు, హోసు ముక్క ఒక్కటి కూడా కడగకుండా పోకూడదు. గేటు బయట దాన్ని గ్యాస్ కట్టర్‌తో కోసేవాడికి లోపల ఏముందో చెప్పేవాళ్లు ఎవరూ ఉండరు.