మూసిన కిటికీల మధ్య జలుబు, ఫ్లూ

ఒకే గదిలో పనిచేసే పదిమందిలో ఒకరికి తుమ్ములు మొదలైతే వారం తిరిగేసరికి సగం కుర్చీలు ఖాళీ కావడం కార్యాలయాల్లో ఏటా కనిపించేదే అయినా, ఆ కుర్చీలను ఖాళీ చేయించేది ఎప్పుడూ ఒకే వ్యాధి కాదు. సాధారణ జలుబుకు రెండు వందలకు పైగా వైరస్‌లు కారణమవుతుండగా వాటిలో ప్రధానమైనవి రైనోవైరస్‌లు. ఫ్లూ మాత్రం ఇన్‌ఫ్లుయెంజా వైరస్ వల్లనే వస్తుంది. జలుబు గొంతు గరగరతో, ముక్కు కారడంతో మెల్లగా మొదలై వారం పది రోజుల్లో తగ్గుముఖం పడుతుంది. ఫ్లూ ఒక్కసారిగా తీవ్రజ్వరం, ఒళ్ళునొప్పులతో మనిషిని మంచాన పడేస్తుంది. వృద్ధులు, గర్భిణులు, మధుమేహం, ఉబ్బసం ఉన్నవారిలో న్యుమోనియాకు దారితీసే ప్రమాదమూ ఉంది. ఇన్‌ఫ్లుయెంజాకు సంబంధించిన శ్వాసకోశ వ్యాధులతో ప్రపంచంలో ఏటా 2.9 లక్షల నుంచి 6.5 లక్షల మంది మరణిస్తున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

చలిదేశాలలో ఫ్లూ శీతాకాలపు వ్యాధి కాగా, భారతదేశంలో అది జనవరి నుంచి మార్చి వరకు ఒకసారి, వానాకాలంలోనూ అది వెనుకబట్టే రోజుల్లోనూ మరొకసారి విజృంభిస్తుంది. 2009 మే నెలలో దేశంలో హెచ్1ఎన్1 రకం ఫ్లూ తొలి కేసు నిర్ధారణ అయినది హైదరాబాద్‌లోనే. 2015 ఆరంభంలో అదే వైరస్ తెలంగాణను మళ్ళీ కలవరపెట్టింది. కాబట్టి జాగ్రత్తలను డిసెంబరు చలికే పరిమితం చేయడం ఇక్కడి కార్యాలయాలకు పనికిరాదు.

కార్యాలయాల్లో ఈ జాగ్రత్తలన్నీ సాధారణంగా చేతుల చుట్టూనే తిరుగుతాయి. ద్వారం దగ్గర శానిటైజర్ సీసా పెడితే బాధ్యత తీరిపోయిందనుకునే యాజమాన్యాలకు కొదవలేదు. చేతుల శుభ్రత అవసరమే అయినా, వ్యాధి వ్యాప్తిలో గాలి పాత్రను వెల్లడించిన ఆధారాలు దశాబ్దాల నాటివి. 1987లో వెలువడిన ఒక అమెరికన్ పరిశోధనలో జలుబు ఉన్నవారిని, లేనివారిని ఒకే గదిలో కూర్చోబెట్టి గంటల తరబడి పేకాట ఆడించారు. ఆరోగ్యవంతుల్లో సగం మందికి చేతులు ముఖాన్ని తాకకుండా పట్టీలు గాని, మెడచుట్టూ అడ్డుపలకలు గాని అమర్చినప్పటికీ, వారికీ మిగిలినవారికీ జలుబు సోకిన తీరులో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. రోగుల చేతుల్లో నలిగి జిగురుపట్టిన ఆ పేకముక్కలనే వేరే గదిలో ఉన్న మరో పన్నెండుమందికి ఇచ్చి ఆడించి, తరచూ ముఖాన్ని తాకమన్నా వారిలో ఒక్కరికీ జలుబు రాలేదు. మాట్లాడినప్పుడు, దగ్గినప్పుడు వెలువడే అతి సూక్ష్మమైన తుంపరలు నేలకు రాలక చాలాసేపు గాలిలో తేలుతూ ఉండడమే ఇందుకు కారణమని పరిశోధకులు భావించారు.

ఫ్లూ విషయంలో ఇంతకంటే గట్టి ఉదాహరణ 1977 మార్చిలో అలాస్కాలో ఎదురైంది. యంత్రలోపం వల్ల ఒక విమానం గంటల తరబడి నేలమీదే నిలిచిపోగా, ఆ సమయంలో లోపలి గాలిని మార్చే వ్యవస్థ పనిచేయలేదు. ప్రయాణికుల్లో ఒకరికి అప్పటికే ఫ్లూ లక్షణాలున్నాయి. మూడు రోజులు గడిచేలోగా విమానంలో ఉన్న 54 మందిలో 72 శాతం మంది జబ్బుపడ్డారు.

ఈ నేపథ్యంలో చూస్తే, స్ప్లిట్ ఏసీ బిగించి తలుపులు, కిటికీలు మూసిన చిన్న సమావేశ గది ఆ విమానానికి దూరపు చుట్టమే. స్ప్లిట్ ఏసీ గదిలో ఉన్న గాలినే మళ్ళీ మళ్ళీ చల్లబరుస్తుందే తప్ప బయటి గాలిని తీసుకురాదన్న సంగతి వాడేవారిలో చాలామందికి తెలియదు. పెద్ద భవనాల్లోని కేంద్రీకృత ఏసీలో బయటి గాలి వచ్చే మార్గం ఉన్నా, కరెంటు ఖర్చు తగ్గుతుందని దాన్ని కుదించడం కద్దు. ఆ ఆదా ఎంత ఖరీదైనదో అమెరికాలోని మసాచుసెట్స్‌లో 40 భవనాల్లో పనిచేసే 3,720 మంది ఉద్యోగుల సెలవులను పరిశీలించి 2000లో ప్రచురించిన అధ్యయనం తెలియజేస్తుంది. బయటి గాలి తక్కువగా అందడం వల్లనే స్వల్పకాలిక అనారోగ్య సెలవుల్లో సుమారు 35 శాతం సంభవించాయని ఆ పరిశోధకులు అంచనా వేశారు. గదిలో గాలి ఎంత మారుతున్నదో తెలుసుకోవడానికి బొగ్గుపులుసు వాయువును, అంటే కార్బన్ డయాక్సైడ్‌ను కొలిచే చిన్న పరికరం చాలు. ఆరుబయట పది లక్షల భాగాల గాలిలో సుమారు 420 భాగాలుండే ఈ వాయువు గదిలో వెయ్యి దాటిందంటే, ఒకరు వదిలిన గాలినే మరొకరు పీలుస్తున్నారని అర్థం. అప్పుడు కిటికీ తెరవాలి. కిటికీ లేని గది అయితే సమావేశాన్ని కుదించాలి. రాత్రి షిఫ్టులవారిని ఇళ్ళకు చేర్చే క్యాబ్‌కూ ఇదే సూత్రం వర్తిస్తుంది: లోపలి గాలినే తిప్పే ఏసీ మీటను మార్చి బయటి గాలిని రానివ్వడానికి పైసా ఖర్చు లేదు.

రాత్రి షిఫ్టులతో మరో చిక్కు నిద్ర. ఆరోగ్యవంతుల ముక్కుల్లో జలుబు వైరస్ చుక్కలు వేసి పరిశీలించి 2015లో ప్రచురించిన ఒక ప్రయోగంలో, ఏడు గంటలకు మించి నిద్రపోయినవారితో పోలిస్తే ఆరు గంటలకన్నా తక్కువ నిద్రించినవారికి జలుబు వచ్చే అవకాశం నాలుగు రెట్లకు పైగా ఉన్నట్టు తేలింది. విటమిన్ సి మాత్రలకు ఇంతటి ఘనత లేదు. రోజూ తీసుకునేవారిలో అవి జలుబు రోజులను కొద్దిగా తగ్గిస్తాయే కాని, సాధారణ జీవనం గడిపేవారికి అసలు జలుబు రాకుండా ఆపలేవు.

ఫ్లూకు టీకా ఉంది. వైరస్ రూపం మార్చుకుంటూ ఉంటుంది కాబట్టి దాన్ని ఏటా వేయించుకోవాలి; రక్షణ ఏర్పడటానికి సుమారు రెండు వారాలు పడుతుంది కాబట్టి విజృంభణకు ముందే వేయించుకోవాలి. వైరస్‌లపై యాంటీబయాటిక్‌లు పనిచేయవు. హెచ్3ఎన్2 రకం ఫ్లూ జ్వరాలు పెరిగిన 2023 మార్చిలో భారతీయ వైద్యుల సంఘం ఈ విషయాన్ని ప్రకటనగా వెలువరించి, అజిత్రోమైసిన్ వంటివాటిని ఇష్టానుసారం మింగే అలవాటును తప్పుపట్టింది. ఫ్లూపై పనిచేసే ఒసెల్టామివిర్ అనే మందును వైద్యుడి సలహాపై, లక్షణాలు కనిపించిన 48 గంటల్లోపు మొదలుపెడితే ఫలితం మెరుగ్గా ఉంటుంది.

అన్నిటికంటే ముఖ్యమైన నివారణ మార్గం జబ్బుపడ్డవారు కార్యాలయానికి రాకపోవడం. ఫ్లూ సోకిన వ్యక్తి లక్షణాలు కనిపించడానికి ఒకరోజు ముందునుంచే ఇతరులకు అంటించగలడు. మొదటి మూడు నాలుగు రోజుల్లో ఆ ప్రమాదం అధికం. పారాసిటమాల్ వేసుకుని హాజరయ్యే ఉద్యోగికి జ్వరం తగ్గుతుంది, వైరస్ తగ్గదు. ఒక్కరోజూ సెలవు పెట్టలేదని మెచ్చుకుంటూ ప్రశంసాపత్రాలిచ్చే సంస్థలు తెలియకుండానే అంటువ్యాధికి బహుమతి ఇస్తున్నట్టు లెక్క.

ఇంటినుంచి పనిచేసే వెసులుబాటు కంప్యూటర్ ముందు కూర్చునేవారికి ఉండవచ్చు కాని, అదే అంతస్తులో బల్లలు తుడిచే, టీ అందించే, ద్వారం దగ్గర కాపలా కాసే ఒప్పంద కార్మికులకు ఉండదు. వీరిలో ఈఎస్ఐ బీమా పరిధిలోకి వచ్చినవారికి జబ్బుపడిన రోజులకు వేతనంలో 70 శాతం, ఏడాదికి గరిష్ఠంగా 91 రోజులపాటు అందుతుంది. అయితే కొత్తగా జబ్బుపడినప్పుడు మొదటి రెండు రోజులకు ఆ చెల్లింపు వర్తించదు. ఫ్లూ విషయంలో ఆ రెండు రోజులు పక్కవారికి వ్యాధి అంటించే అవకాశం అధికంగా ఉండే రోజుల్లోనివే.