గుమాస్తా బేరము - యజమాని బాధ్యత

వర్తకులు శాసనసభలకు పోవుట దేశమునకు మేలా కీడా యని న్యాయవాదుల గోష్ఠులలో తరచుగా చర్చ జరుగుచుండును. చెన్నపట్టణపు వర్తకులగు టి. టి. కృష్ణమాచారిగారి చరిత్ర యిందులకు మంచి నిదర్శనము.

1928లో వారు ఏజెన్సీ వ్యాపారమును స్థాపించిరి. పిమ్మట మదరాసు శాసనసభకు స్వతంత్రులుగా నెన్నికైరి. 1942లో కేంద్ర శాసనసభకు పోయిరి. రాజ్యాంగ ముసాయిదా సంఘమున సభ్యులై యుండియు, ఆ భారము తుదకు డాక్టరు అంబేద్కరుగారిపైననే పడెనని 1948 నవంబరులో నిండుసభలో చెప్పిరి. ఒరుల కష్టమును తన పద్దున జమ కట్టుకొనని వర్తకనీతి యది.

1956లో వారు కేంద్ర ఆర్థికమంత్రులైరి. మరుసటి యేడే సంపద పన్నును, వ్యయపు పన్నును విధించి తమ వర్గమువారికే కంటగింపైరి. వర్తకుడు వర్తకులకే కొమ్ము కాయునను శంకకు ఇంతకన్న సమాధాన మేమి కావలెను?

చిక్కు వేరొక దిక్కునుండి వచ్చెను. 1957లో జీవిత బీమా సంస్థ ముంధ్రాగారి కంపెనీల వాటాలను సుమారు కోటీ పాతిక లక్షల రూపాయలకు కొనెను. ఫిరోజ్ గాంధీగారు లోక్‌సభలో నిలదీసిరి. ఆ బేరము తమ యనుమతితో జరుగలేదని మంత్రిగారి వాదము. విచారణ జరిపిన ఛాగ్లాగారు, కార్యదర్శి చేసిన పనికి మంత్రియే బాధ్యుడని తేల్చిరి. 1958 ఫిబ్రవరిలో కృష్ణమాచారిగారు పదవి విడిచిరి. 1963లో ఆర్థికశాఖ మరల వారి చేతికి వచ్చినను, ఆ తీర్పు చెరిగిపోలేదు.

ఇందు క్రొత్త ధర్మ మేదియు లేదు. గుమాస్తా చేసిన బేరమునకు యజమాని పూచీపడవలెనను న్యాయము అంగడిలో నెల్లరెరిగినదే. అంగడిలో పోవునది తన సొమ్ము. ప్రభుత్వములో పోవునది పరుల సొమ్ము. సభకు పోవు వర్తకుడు లాభాపేక్షను గడపకడనే విడిచి, ఈ యొక్క న్యాయమును మాత్రము వెంట గొనిపోవలెను.