తూటా లేని రైఫిలు ట్రిగ్గరు నొక్కవచ్చునా?

నేషనల్ కాడెట్ కోరు 1948వ సంవత్సరపు చట్టముచే నేర్పడినది. అందు చేరిన విద్యార్థులకు గురిపెట్టుట నేర్పుటకు .22 రైఫిలు నిచ్చుట వాడుక. తూటా వేయకయే ట్రిగ్గరు నొక్కినచో నీ రైఫిలు చెడునని కొందఱును, చెడదని కొందఱును వాదింతురు. ఉభయుల మాటలలోను సత్యము కలదు. అదెట్లో యిందు వివరింపబూనితిమి.

మొదట తూటా నిర్మాణము తెలియవలెను. పెద్ద రైఫిళ్ల తూటా యడుగున, సరిగా నడుమ, చిన్న టోపీ యుండును. దెబ్బ తగిలినంతనే రగులు మందు ఆ టోపీలో నుండును. .22 తూటాకు అట్టి టోపీ లేదు. దాని యడుగున చుట్టును అంచు వెలికి వచ్చియుండును. బోలుగా నున్న ఆ యంచులోనే మందు నింపబడి యుండును. అందుచే దీనిని రిమ్‌ఫైర్ తూటా యందురు. 1857లో అమెరికాలో స్మిత్ అండ్ వెస్సన్ వారు తమ రివాల్వరుకై తెచ్చిన .22 షార్టు తూటా యీ జాతిదే. నేడు విరివిగా వాడబడు .22 లాంగ్ రైఫిల్ తూటా 1887లో వెలువడెను.

ట్రిగ్గరు నొక్కగానే ఫైరింగు పిన్ను స్ప్రింగు బలముచే ముందునకు దూకి తూటా యంచును కొట్టును. అంచు వెనుక పిన్ను సుత్తివలెను, ముందు గొట్టపు టుక్కు దాగలివలెను నిలుచును. రెంటి నడుమ ఇత్తడి నలిగి మందు రగులును. తూటా లేనిచో నడుమ నలుగుటకేమియు లేదు. అప్పుడు పిన్ను తిన్నగా గొట్టపు టంచును తాకవచ్చును. ఇట్లు పలుమాఱులు జరిగినచో అచట గుంట పడును. త్రోయబడిన లోహము తూటా దూరు రంధ్రములోనికి బొడిపెగా పొడుచుకొని వచ్చును. పిదప తూటా సులభముగా లోనికి పోదు, వెలికి రాదు. పిన్ను కొనయు మొక్కవోవును, లేదా విఱుగును. పెద్ద రైఫిలులో పిన్ను నడుమనుండి వచ్చును. తూటా లేనప్పుడు దాని యెదుట శూన్యమే కాని ఉక్కు లేదు. కావున దానికీ బాధ లేదు.

అయినను ప్రతి .22 రైఫిలును ఇట్లు చెడునని తలంపరాదు. పిన్ను గొట్టపు టంచును తాకకమునుపే ఆగునట్లు అడ్డు నమర్చిన రైఫిళ్లు పెక్కు కలవు. 1964లో వెలువడిన రూగర్ 10/22 అట్టిది. దానిని తూటా లేక పేల్చవచ్చునని చేసినవారే తమ పుస్తకమున తెలిపిరి. కాని యెన్నియో చేతులు మాఱిన పాత రైఫిలులో ఆ యడ్డు అరిగియుండవచ్చును. కావున రైఫిలు చేసినవారి పుస్తకమును చూచుటయు, అది లేనిచో ఆయుధకారు నడుగుటయు యుక్తము.

ఈ భయముచే వట్టి సాధనను మానుట మేలుకాదు. ఊపిరి బిగపట్టి, గురి కదలకుండ ట్రిగ్గరు నొక్కుట దానివలననే యలవడును. తూటాల ఖర్చును తగ్గును. ఇందులకై అమ్మెడు డమ్మీ తూటాను వేయవచ్చును. పేలిన తూటా గుల్లనైనను వేయవచ్చును; కాని దెబ్బ తిన్నచోటనే మరల దెబ్బ తగులకుండ ప్రతిమాఱును దానిని త్రిప్పవలెను.

రైఫిలుకంటె ప్రాణము విలువైనది. కావున సాధనకు ముందు బోల్టు తెఱచి కన్నుతో చూడుడు, వ్రేలితో తడవుడు. నిజమైన తూటాల నా గదిలో నుంచకుడు. వట్టిదని తెలిసినను గొట్టమును మనుష్యునివైపు త్రిప్పకుడు. గుంటపడిన గొట్టమును బాగుచేయవచ్చును; పోయిన ప్రాణమును తేజాలము.